అన్నయ్య గ్లాసు

మందుల షాపు కౌంటర్ దగ్గర పదహారేళ్లుగా నిలబడుతున్నాను. నా నోరు మంచిది కాదని వచ్చేవాళ్లందరికీ తెలుసు. రక్తం పలచబడే మాత్రలు ఎవరికిచ్చినా, "ఇంకేం వాడుతున్నారు? కషాయాలూ, పొడులూ ఏమైనా?" అని గుచ్చి గుచ్చి అడుగుతాను. అన్నయ్యను మాత్రం అడగలేదు. తనూ అవే మాత్రలు వాడేవాడు, వాటిని నేనే సంచిలో వేసుకుని తెచ్చేదాన్ని. ఇంటివాళ్లు కౌంటర్ దగ్గరికి రారు కదా.

పైగా అన్నయ్య మోకాళ్ల నొప్పికి అల్లం కషాయం మరిగించమని వదినకు చెప్పింది నేనే. పూటకో పెద్ద గ్లాసు. చేతులు కమిలి నల్లబడితే, "గుమ్మాలన్నీ నీకే తగులుతాయి" అని కసిరాను. "వాటికి నేనంటే ప్రేమ" అని నవ్వాడు. ఓ రోజు స్నానాల గదిలో జారిపడ్డాడు. తలలో రక్తస్రావం ఆగలేదు. అన్నయ్య పోయాక డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఏమేం తాగేవాడని అడిగారు. చెప్పాను. "ఇదొక్కటే కారణమని చెప్పలేం. కానీ ఆ మాత్రతో అంత అల్లం తాగేముందు మమ్మల్ని అడగాల్సింది" అన్నారు. ఆ మాట వదినకు చేరనివ్వలేదు.

ఏడాదైంది. తెల్లారేసరికి వంటింట్లోంచి అల్లం వాసన నా గదిలోకి వస్తూనే ఉంది. వదిన రోజూ కషాయం మరిగించి, అన్నయ్య స్టీలు గ్లాసులో పోసి, అన్నయ్య కూర్చునే కుర్చీ ముందు పెట్టేది. చల్లారాక పారబోసేది. ఒక్కోసారి కుర్చీ జరిగిన చప్పుడు కూడా వినిపించేది. భయంతో నేను తలుపు తీసేదాన్ని కాదు.

మొన్న వదినకు గుండె లయ తప్పుతోందని అదే మాత్ర రాశారు. నిన్న పొద్దున కుర్చీ చప్పుడు కాగానే ఈసారి తలుపు తీశాను. వదిన ఆ కుర్చీలో కూర్చుని గ్లాసు ఎత్తుతోంది.

"వదినా, తాగకు."

"ఏం? మంచిదన్నావుగా. రోజూ పారబొయ్యడం ఎందుకని..."

"కూరలో కాస్త వేసుకుంటే వేరు. ఆ మాత్ర మింగుతూ ఇలా గ్లాసులకు గ్లాసులు తాగకూడదు. అన్నయ్య పోయిన రోజే డాక్టరు చెప్పారు. నేనే నీకు చెప్పకుండా దాచాను."

వదిన ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గ్లాసు కింద పెట్టి, దాన్ని నా వైపు జరిపింది.

"నువ్వేం మాత్రలు వాడటం లేదుగా?"

"లేదు."

"అయితే కూర్చో" అంటూ కుర్చీలోంచి లేచింది. "ఇక రోజూ ఇది నీకే పోస్తాను."

ఈ ఉదయం అల్లం వాసన రాగానే లేచి వెళ్లి అన్నయ్య కుర్చీలో కూర్చున్నాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా వదిన నా ఎదురుగా నిలబడే ఉంది.