చింతపండుతో తోమిన కత్తి

జోసఫ్‌కి అలసట కొత్తేం కాదు. ఆఫీసులో సిస్టం ఎప్పుడు పడిపోయినా ఫోను మోగేది అతనికే. కోడి కూయకముందూ మోగేది, కంచంలో కూర పడ్డాకా మోగేది. భార్య విమలకుమారి ఏమడిగినా "ఊఁ" అనడం, మరీ గట్టిగా అడిగితే "ఊఁ ఊఁ" అనడం తప్ప అతని నోట నిండు మాట విని ఆ ఇంటి గోడలకి చాలా కాలమైంది.

అలాంటివాడు, శనివారం తెలుగు చర్చి పిక్నిక్‌లో అందరూ క్రికెట్ ఆడుతుంటే, జేమ్స్ నది ఒడ్డున ఒక్కడే కూలబడి పుల్లతో ఇసక కెలుకుతూ కత్తి ఒకటి బయటికి లాగాడు. ఇనుము సగం తుప్పు తినేసింది. ఇత్తడి పిడి నల్లగా మట్టి పట్టింది గానీ, వేలితో తడిమితే లోపల బొమ్మేదో తగులుతోంది.

"అన్నా, పోయినేడు పాస్టరుగారు పుచ్చకాయ కోసి పోగొట్టుకున్నది ఇదే," అన్నాడు పక్కకొచ్చిన షాలేం రాజు. "ఆయనింకా వెతుక్కుంటున్నాడు పాపం."

జోసఫ్ నవ్వలేదు. ఫోటో తీసి, నది దగ్గరే ఉన్న చిన్న మ్యూజియంకి ఈమెయిల్ పెట్టాడు. ఇల్లు చేరేసరికి జవాబు వచ్చింది. బహుశా నాలుగొందల ఏళ్ళ కిందట యూరప్ నుంచి ఓడలో వచ్చిన కత్తి అయ్యుంటుంది. కడగొద్దు, తుడవడం కూడా వద్దు, సోమవారం తీసుకురండి. బాగుంటే ముందు హాల్లో అద్దాల పెట్టెలో పెట్టి, దొరికించుకున్నవారి పేరు కింద రాస్తాం.

ఆ చివరి మాటే జోసఫ్ మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. ఇన్నేళ్ళలో ఈ పరాయి దేశంలో అతని పేరు బ్యాడ్జీ మీదా, వీసా కాగితాల మీదా తప్ప ఎక్కడా పడలేదు. అవి రెండూ గడువు తీరేవే. కత్తిని సింకు పక్కన పేపర్ టవల్ మీద పెట్టి, "మండే మ్యూజియంకి," అని మాత్రం భార్యతో అన్నాడు. కడగొద్దన్న సంగతి కూడా చెబుదామనుకుంటూనే సోఫాలో నిద్రపోయాడు.

విమల శనివారం సాయంత్రాలు చర్చి కానుకల పళ్ళెం తోముతుంది. నరసాపురం నుంచి తెప్పించిన ఇత్తడి పళ్ళెం. అది తళతళలాడకపోతే ఆవిడకి మర్నాడు ఆరాధన మీద ధ్యాస నిలవదు. ఉప్పు, చింతపండు, పీచు. పళ్ళెం అయ్యాక చింతపండు కాస్త మిగిలింది. పక్కనే కత్తి ఉంది.

జోసఫ్ కళ్ళు తెరిచేసరికి డైనింగ్ టేబుల్ మీద పిడి బంగారంలా మెరుస్తోంది. దాని మీద ఒక మగమనిషీ, ఒక ఆడమనిషీ వీపుకి వీపు ఆనించి నిలబడి ఉన్నారు.

"అచ్చం మనిద్దరిలాగే ఉన్నారు," అంది విమల. "నలుగురిలోకి తీసుకెళ్ళేది, మట్టితో ఏం తీసుకెళ్తాం అని తోమేశా."

కోపం తెచ్చుకోవడానికీ ఒంట్లో కాస్త ఓపికుండాలి. "కడగొద్దన్నారు," అన్నాడు.

"ఎవరు? ఎప్పుడు?"

"మ్యూజియం వాళ్ళు. ఈమెయిల్‌లో."

"ఈమెయిల్ మీకొచ్చింది. చేతులు నావి. మధ్యలో చెప్పే నోరొకటి ఉండాలి కదండీ," అంది విమల. కానీ ఆ చేతులతోనే కత్తిని మళ్ళీ పేపర్ టవల్‌లో చుట్టింది.

సోమవారం ఇద్దరూ వెళ్ళారు. మ్యూజియం ఆవిడ భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, దీన్నెవరు శుభ్రం చేశారని మెల్లగా అడిగింది.

"నేనే," అంది విమల.

"తనకి తెలీదు. నేను చెప్పలేదు," అన్నాడు జోసఫ్.

ఆవిడ విసుక్కోలేదు. ఒర తోలు గుర్తులు ఆ మట్టిలో ఉంటే ఉండేవేమో, ఇక తెలుసుకోలేమంది. రాపిడికి ఆడమనిషి ముఖం కూడా కొంచెం అరిగింది. కత్తిని ఉంచుకుంటాం, చదువుకునేవాళ్ళ కోసం లోపల సొరుగులో పెడతాం, ముందు హాల్లోకి మాత్రం కుదరదంది. జోసఫ్ థాంక్యూ చెప్పి బయటికొచ్చాడు.

కారులో తాళం పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"నా పేరు పెడతామన్నారు, విమలా. అద్దాల పెట్టె కింద."

"అంత ఆశ పెట్టుకున్నారా?"

తల ఊపాడు.

"నోటితో చెప్పండి. తల ఊపితే నాకేం తెలుస్తుంది?"

"పెట్టుకున్నాను."

విమల సీటు బెల్టు తీసింది. దిగి అతని వైపు తలుపు దగ్గరకొచ్చింది. "జరగండి. డ్రైవింగ్ నేను చేస్తా, మీరు మాట్లాడండి."

జోసఫ్ మాట్లాడాడు. అద్దాల పెట్టె గురించి మొదలుపెట్టి, ఆఫీసు ఫోను గురించీ, పోయిన నెల ప్రమోషన్ తప్పిపోయిన సంగతీ చెప్పాడు. ఆ సంగతి అప్పటిదాకా ఇంట్లో తెలీదు. మీటింగులో మేనేజర్ అందరి ముందూ తనతో అన్న మాట చెప్పబోతూ నిద్రలోకి జారిపోయాడు.

మెలకువ వచ్చేసరికి కారు గరాజ్‌లో ఉంది. ఇంజను ఆపేసి ఉంది. విమల సీట్లోంచి లేవలేదు, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఆ మేనేజర్ ఏమన్నాడో చెప్పనేలేదు మీరు," అంది.