గీకేసిన మాట

ఎముక ముక్కకు ఆకురాయితో గాడి కొయ్యడం, దుమ్మును ఉఫ్‌మని ఊదడం, తీగను ఆ గాడిలో పెట్టి బొటనవేలితో మీటి వినడం, తల అడ్డంగా ఊపి మళ్లీ ఆకురాయి అందుకోవడం. పొద్దున పదింటి నుంచి బ్రహ్మచారి చేస్తున్న పని ఇదే. ముప్పై ఎనిమిదేళ్లుగా చేస్తున్న పనీ ఇదే. సికింద్రాబాద్ క్లాక్ టవర్ వెనక సందులో భద్రయ్య గారి వాయిద్యాల షాపు, షాపు వెనక ఒక రేకుల గది, గదిలో ఒక టేకు బల్ల. బల్లకు ఈ పక్క బ్రహ్మచారి, ఆ పక్క మెడలు విరిగిన గిటార్లు, పొట్టలు పగిలిన వీణలు, ఊపిరి ఆడని హార్మోనియం ఒకటి. చూడ్డానికి ఆస్పత్రి వార్డులాగే ఉంటుంది గాని, ఇక్కడ మందు వాసనకు బదులు జిగురు వాసన వస్తుంది.

పేరుకే బ్రహ్మచారి. వడ్రంగుల ఇల్లు, తాత పేరు పెట్టారు, అంతే. బన్సీలాల్‌పేటలో రెండు గదుల ఇల్లుంది, విమలమ్మ అనే భార్య ఉంది, అత్తారిళ్లకు వెళ్లిపోయిన ఇద్దరు కూతుళ్లున్నారు. అరవై ఒకటి నిండాయి. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో ఉలి దెబ్బకు రెండుగా చీలి అలాగే పెరిగింది. ఇన్నేళ్లలో ఏ వాయిద్యం మీదా ఒక పాటైనా వాయించి ఎరగడు, రాదు కూడా. శ్రుతి తప్పితే మాత్రం పక్క వీధిలోంచి పట్టేస్తాడు. వంట రానివాడికి ఉప్పు తక్కువైతే తెలియదా ఏం?

ఊళ్లో ఎవరు పాత గిటారు కొన్నా, అది అసలుదో నకలో తేల్చుకోవడానికి అతని దగ్గరికే తెస్తారు. చారి అసలంటే అసలు, నకలంటే నకలు. కాళ్లావేళ్లా పడినా మాట మార్చడు. అలాంటివాడు జన్మలో ఒక్కసారి అబద్ధం చెప్పాడు. అది చెప్పి ముప్పై రెండేళ్లయింది. మరిచిపోదామన్నా మరుపు రాలేదు.

పదకొండింటికి ఆ అబద్ధం నల్ల పెట్టెలో పడుకొని వచ్చి అతని బల్ల మీదే కూర్చుంది. తెచ్చినవాడు రిచర్డ్. మల్కాజ్‌గిరిలో ఉంటాడు, రైల్వేలో క్లర్కు, ఆదివారాలు చర్చిలో గిటారు వాయిస్తాడు.

"చారీసాబ్, ఇది మా పెద్దమ్మది. దేవకృప టీచర్. యాదికున్నదా?"

యాదికుండడమట! మధ్యలో తేనె రంగు, అంచులకు పోయేకొద్దీ మాడిన బెల్లం రంగు, ఒక భుజం కొరికిన జామకాయలా లోపలికి పోయి ఉన్న ఆ గిటారును అతను కళ్లు మూసుకొని తడిమినా చెప్పగలడు.

"ఉన్నది," అన్నాడు.

"రిటైర్ అయింది గద, ఈరోజు సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు ఏలూరు పోతున్నది. ఆడ మిషనోళ్ల హోమ్‌ల ఉంటదంట. గిటార్ సుత తీస్కపోతా అంటున్నది. అందరేమో ఇది అమెరికాది, ఒరిజినల్ అంటరు. అసలుదైతే ఆడ మూలకు పడి ఖరాబైతది, చర్చిల నేను వాయిస్త గద అన్న. జపాన్ కాపీ అయితే తీస్కపోనీ, నాకేం పరేషాన్ లేదు. పెద్దమ్మనే అడిగితే, 'చారిగార్ని అడుగు, ఆయనేమంటే అదే' అన్నది."

బ్రహ్మచారి ఆకురాయి కింద పెట్టాడు. ఏలూరు. అంటే ఇక రాదు.

దేవకృప మొదటిసారి ఈ గదిలోకి వచ్చింది 1974లో, తొలకరి రోజుల్లో. బోయిగూడ మిషన్ బడికి కొత్తగా వచ్చిన ఇంగ్లీషు టీచరు, ఇరవై ఆరేళ్ల మనిషి, తెల్ల నూలు చీర. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో ఈ పెట్టె. ఓడలో పనిచేసే బాబాయి తెచ్చి ఇచ్చాడట. ఆడపిల్లకు కరెంటు గిటారు ఏమిటని చర్చి పెద్దలు మూతులు విరిచారట. ఆమె అతని పేరడిగింది. చెప్పాడు. "అయితే మీకింకా పెళ్లి కాలేదన్నమాట," అని నవ్వు ఆపుకుంది. అప్పటికి నిజంగానే కాలేదు. ఆ తర్వాత ఆమె అతన్ని "చారిగారూ" అంది. ఆ షాపులో అప్పటిదాకా అతన్ని ఎవరూ గారు అనలేదు.

పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "ఇది అసలుదేనంటారా?" అని అడిగింది. "చూసి చెప్త," అన్నాడు.

చూశాడు. అసలుది కాదు. గడియారమైనా రేడియో అయినా జపాన్‌దంటే కళ్లకద్దుకునే కాలం అది, కానీ గిటారు దగ్గరికొచ్చేసరికి జపాన్ అంటే నకలనే లెక్క. వెనక మెడ అతికిన చోట నాలుగు మరలతో బిగించిన ఇనప రేకు ఉంది. రేకు మీద ఇంగ్లీషులో ఒక వరుస. బ్రహ్మచారికి చదవొచ్చిన ఇంగ్లీషు మాటలు నాలుగో అయిదో, రేడియోల వెనక చూసి చూసి నేర్చినవి, అందులో జపాన్ ఒకటి. నిజం చెబితే ఆ పిల్ల ముఖం ఎలా అయిపోతుందోనని రెండు రోజులు మథనపడ్డాడు. మూడో రోజు ఇదే బల్ల మీద రేకు పెట్టి, ఆ వరుస వరుసంతా ఆకురాయితో గీకేశాడు. వారానికి ఆమె వచ్చి, "ఏం తేల్చారు?" అంటే, "అసలుదే టీచరమ్మా," అన్నాడు. ఆమె రేకు వైపు చూడనే లేదు. అతని ముఖం వైపే చూసి నవ్వింది.

ఆ నవ్వు పెట్టుకొని బతికేశాడు మనిషి. ఏటా తొలకరికి మరలు వదులై, మెడ కదిలి, గిటారు మళ్లీ వచ్చేది. అతను బిగించి ఇచ్చేవాడు. అరగంట పని, ఏడాది ఎదురుచూపు. మధ్యలో అతనికి పెళ్లయింది, పిల్లలు పుట్టారు, విమలమ్మ మీద అతనికి ఏ ఫిర్యాదూ లేదు. అయినా వాన వాసన తగిలితే చాలు, చేతిలో పని ఆగి కళ్లు గుమ్మం మీదికి పోయేవి. ఆదివారాలు కూరగాయలకని బయల్దేరి, బోయిగూడ చర్చి గోడ పక్కన సోడా బండి దగ్గర నిలబడి, లోపల్నుంచి వచ్చే ఆమె గిటారు వినేవాడు. దాన్ని ఏమంటారో అతనికి తెలుసు. పైకి అనలేదు, అంతే.

ఇప్పుడేం చెయ్యాలి? అసలుదంటే అబద్ధం నిలుస్తుంది, గిటారు ఆమెకు దక్కదు. నకలంటే గిటారు దక్కుతుంది, అతను ముప్పై రెండేళ్లుగా తనను మోసం చేశాడని ఆమెకు తెలుస్తుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి. గిటారు లేకుండా ఆ కొత్త చోట, ఎవరో ముసలమ్మల మధ్య, ఆమె చేతులు ఏం చేసుకుంటాయి? ఈ మాట దగ్గర అతని ఆలోచన ఆగిపోయింది.

"ఇట్ల రా," అన్నాడు రిచర్డ్‌ను. గిటారును బోర్లా తిప్పాడు. "అమెరికాదానికి మెడ జిగురుతోటి అతుకుతరు. మరలుండవ్. దీనికి నాలుగున్నయ్, చూడు." మళ్లీ వెల్లకిలా తిప్పి పొట్ట మీద వేలితో కొట్టాడు. "ఇన్నవా? డొల్ల. అసలుది గట్టి చెక్క, ఇట్ల మోగదు. ఇది పల్చటి చెక్కను అచ్చుల ఒత్తి, వంపు చేసి పైన కప్పిండ్రు, కింద ఖాళీ." తీగల మోతను పట్టే అయస్కాంతాల పెట్టె మరలు విప్పి పైకి లేపాడు. లోపల కోసిన అంచులో ఉల్లిపాయ పొరల్లా పొరలు కనిపించాయి. "ప్లైవుడ్. జపాన్ కాపీయే. కానీ చేసినోడు పనోడు. ఈ మెడ చూడు, మూడు ముక్కలు అతికిండు, సందు కనవడ్తదా?"

రిచర్డ్ రేకు మీద వేలు పెట్టాడు. "ఈడ ఎవరో గీకిండ్రు గద?"

"నేనే."

"ఎందుకు?"

"అది మీ పెద్దమ్మకు చెప్పుకుంట. నువ్వు పో. సాఫ్ చేసి, కొత్త తీగలేసి, స్టేషన్‌కు నేనే తెస్త."

రిచర్డ్ ఫోన్లో ఆ సంగతి పెద్దమ్మకు చెప్పుకుంటూ వెళ్లిపోయాడు. విమలమ్మ కట్టిచ్చిన అన్నం డబ్బా బ్రహ్మచారి ఆ రోజు తెరవలేదు. మెడ కింద తమలపాకంత పల్చటి చెక్క పెచ్చు దూర్చాడు, మరలు ఒక్కొక్కటీ సబ్బు రాసి బిగించాడు, మెడ మీది లోహపు మెట్లు మెరిసేదాకా తోమాడు. నాలుగున్నరకు పెట్టె పట్టుకొని లేస్తే, ముందు గదిలో కూర్చున్న భద్రయ్య కళ్లద్దాలు పైకి నెట్టాడు. ముప్పై ఎనిమిదేళ్లలో చారి పొద్దు ఉండగా షాపు దాటడం ఆయన చూడలేదు.

"ఏందీ చారీ, పానం బాగలేదా?"

"బాగున్నది. వస్త."

బోయిగూడ వైపు గేటులోంచి ప్లాట్‌ఫారం మీదికి వచ్చాడు. దేవకృప సిమెంటు బెంచీ మీద కూర్చొని ఉంది. జుట్టు నెరిసింది, చీర అదే తెలుపు. రిచర్డ్ సామాను రైల్లోకి ఎక్కిస్తున్నాడు. బ్రహ్మచారి గిటారు ఆమె పక్కన పెట్టి, తను మాత్రం నిలబడే ఉన్నాడు.

"టీచరమ్మా, ఒక మాట. ఇది అసలుది కాదు. అప్పుడు మీకు అబద్ధం చెప్పిన. మాఫ్ చెయ్యుండ్రి."

"తెలుసండీ," అందామె.

"అవును, రిచర్డ్ చెప్పిండు గద."

"వాడు చెప్పింది ఇవాళ. నాకు మొదట్నించీ తెలుసు. రేకు మీద రాసుంది కదండీ. బాబాయి చేతిలోంచి తీసుకోగానే చదివాను."

ఇంగ్లీషు పాఠం చెప్పే మనిషి కళ్లెదుట ఇంగ్లీషు రాసి ఉంటే చదవకుండా ఉంటుందా? ఓరి పిచ్చివాడా, ఈ సంగతి ముప్పై రెండేళ్లలో ఒక్కసారైనా తట్టలేదే!

"మరి నన్నెందుకు అడిగిండ్రు, అసలుదేనా అని?"

"మిమ్మల్ని ఏదో ఒకటి అడగాలి కదండీ." ఆమె నవ్వింది. "ఇంటికెళ్లి తిప్పి చూస్తే ఆ మాటే లేదు. ఎంత నున్నగా గీకారో! ఆ రాత్రి నేను అన్నం తినలేదు చారిగారూ. నా మనసు నొచ్చుకుంటుందని ఒకళ్లు ఇంత పని చేశారా అని."

"మళ్ల ఎన్నడూ అడగలేదేందమ్మా?"

"అడిగితే మీరు నిజం చెప్పేస్తారని భయం. మాట మార్చని మనిషి కదా మీరు."

రైలు కదలబోతోందని మైకులో చెప్పారు. రిచర్డ్ వచ్చి గిటారు పెట్టె అందుకొని లోపలికి తీసుకెళ్లాడు. దేవకృప చీర కుచ్చిళ్లు పట్టుకొని మెట్టెక్కింది. ఎక్కి, తలుపు దగ్గర చువ్వ పట్టుకొని వెనక్కి తిరిగింది.

"ఏటా ఆ మరలు వదులయ్యేవి కదా. ఎందుకనుకున్నారు?"

"మీ ఇల్లు పట్టాల పక్కన గద. రైళ్ల అదురుకు అనుకున్న."

"రైళ్లు కాదండీ," అందామె. "స్క్రూడ్రైవరు."

రిచర్డ్ కిందికి దూకాడు. రైలు కదిలింది. బ్రహ్మచారి రైలు వెంట నాలుగడుగులు నడిచాడు. చెప్పాలనుకున్న మాట ఎంత పెద్దదో అతనికిప్పుడే తెలిసింది. గార్డు పెట్టె కూడా దాటిపోయింది. అరవై ఒక్క ఏళ్ల మనిషి, జనం చూస్తున్నారన్న ధ్యాస లేకుండా, భుజం మీది తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

"చలో చారీసాబ్, చాయ్ తాగుదం," అన్నాడు రిచర్డ్.

"నువ్వు పో బిడ్డా. నాకు పనున్నది."

షాపుకు తిరిగొచ్చేసరికి ఆరు దాటింది. భద్రయ్య ఏదో అడిగాడు, ఇతనేదో చెప్పాడు. రేకుల గదిలో లైటు వేశాడు. బల్ల మీద, గిటారు పడుకున్నంత మేర దుమ్ము లేకుండా శుభ్రంగా ఉంది. దాని పక్కన మధ్యాహ్నం తను విప్పి తీసిన పాత తీగలు ఆరూ చుట్ట చుట్టుకొని ఉన్నాయి. మామూలుగా అయితే వాటిని చెత్తబుట్టలో వేస్తాడు. మెల్లగా విప్పి, ఒకదాన్ని లైటు కింద సాగదీసి పట్టుకున్నాడు. తీగ పొడవునా అక్కడక్కడ, ఆమె వేళ్లు నొక్కి పట్టిన చోట్ల మాత్రం, నల్లటి సన్నని నొక్కులు పడి ఉన్నాయి.