ఒట్టు కార్డులో చివరి తేదీ

ఒట్టు విషయంలో నన్ను వేలెత్తి చూపేవాడు మా ఊళ్లో లేడు. పదేళ్లలో ఏడుసార్లు చర్చిలో గ్వాదలూపే మాత ముందు మోకరిల్లి తాగనని ఒట్టు వేశాను. ఏడుసార్లూ నిలబెట్టుకున్నాను. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది ఫాదర్ గారు మాత బొమ్మ ఉన్న కార్డు మీద రాసి, సంతకం పెట్టి ఇస్తారు. ఏ విందులోనైనా అది తీసి చూపిస్తే చాలు, పచ్చి తాగుబోతు కూడా గ్లాసు వెనక్కి తీసుకుంటాడు. "ఒట్టులో ఉన్నాడ్రా, వదిలెయ్" అంటాడు. మూడు నెలలంటే మూడు నెలలు, ఆరంటే ఆరు. చుక్క ముట్టను. గడువు తీరిన మర్నాడు పొద్దున్నే మొదలుపెడతాను. అప్పుడు నన్ను ఆపడం మాత వల్ల కూడా కాదు.

ఒట్టు తీసి గట్టున పెట్టే రకం కాదు ఈ హిలారియో మేస్త్రి అని గోడ కట్టే ప్రతి ఇంట్లోనూ గొప్పలు చెప్పుకునేవాణ్ణి.

ఈసారి మే నెలలో ఒట్టేసినప్పుడు బాగా ఆలోచించుకుని నవంబరు ఇరవై రెండు దాకా రాయించాను. ఇరవై మూడున మా అమ్మాయి మారిసెల పదిహేనేళ్ల పండగ. ఆడపిల్లకి ఒక్కసారే వచ్చే పండగలో తండ్రి నిమ్మనీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడితే ఏం బాగుంటుంది? బాప్తిస్మంలో పిల్లకి జ్ఞానతండ్రిగా నిలబడిన నాబోర్ తన బట్టీలో కాచిన మెస్కాల్ సారా జాడీ ఒకటి దాచి ఉంచాడు. "ఇంకెన్నాళ్లు బావా? జాడీ నిన్ను కలవరిస్తోంది" అనేవాడు కనబడినప్పుడల్లా.

అక్టోబరులో ఒకరోజు మా ఆవిడ రెఫుహియో, పెనం మీద రొట్టెలు తిప్పుతూ, నా మొహం చూడకుండా చెప్పింది.

"పండగని నవంబరు తొమ్మిదికి, ముందుకి జరిపాం. ఇరవై మూడున బ్యాండువాళ్లకి కుదరదట."

"నన్నడగకుండానా? ఇంటి మగాడు ఉన్నాడా పోయాడా?" అని అరిచాను. పండగ పూజ జరిగేది చర్చిలోనే కాబట్టి, తేదీ మళ్లీ మార్పించేస్తానని విసురుగా అక్కడికి వెళ్లాను.

చర్చి ఆఫీసులో రిజిస్టర్లు చూసే ఓర్తెన్సియమ్మ కళ్లద్దాల మీదుగా నన్ను చూసింది.

"ఏ బ్యాండయ్యా? నీ కూతురే వచ్చి మార్పించుకుంది."

"ఎందుకు?"

"మా నాన్న ఒట్టు ఎప్పటిదాకా ఉందో చూడండమ్మా అంది. చూసి చెప్పాను. అయితే దానికంటే ముందు ఏ రోజైనా సరే ఇవ్వండి అంది."

ఆమె వెటకారమేమీ ఆడలేదు. ఆడితే తిరిగి నాలుగు మాటలు అనేవాణ్ణి.

ఇంటిదారి పొడుగునా ఒకటే గుర్తుకొచ్చింది. మారిసెలకి ఎనిమిదేళ్లప్పుడు, చర్చిలో మొదటి సత్ప్రసాదం తీసుకున్న రోజు. నా ఒట్టు గడువు తీరి అప్పటికి నాలుగు రోజులు. పిల్ల తెల్ల గౌను మీద కక్కాను. అది ఏడవలేదు. పంపు దగ్గరికెళ్లి తనే కడుక్కుని, తడి గౌనుతోనే వచ్చి చుట్టాలకి కేకు పంచింది. ఆ సంగతి నేను మరిచిపోలేదు, దాని మీద ఒక్కొక్క కార్డూ పరుచుకుంటూ వచ్చానంతే.

తేదీ మార్పించకుండానే ఇంటికెళ్లాను. పండగ తొమ్మిదినే జరిగింది. ఆనవాయితీగా జరిగే తండ్రీకూతుళ్ల నాట్యానికి ముందు, ఊరంతా చుట్టూ నిలబడి ఉండగా, మారిసెల నా మొహం దగ్గరికి మొహం తెచ్చింది. ముద్దు పెడుతుందనుకుని చెంప ఇచ్చాను. అది నా ఊపిరి వాసన చూసింది. చూశాకే నా భుజం మీద చెయ్యి వేసింది. ఒట్టులో ఉన్నవాణ్ణి, జేబులో కార్డు ఉన్నవాణ్ణి! సిగ్గుతో నా కాళ్లు తడబడ్డాయి.

"తాగకుండానే తూలుతున్నావేంటి బావా!" అని నాబోర్ అరిచాడు. అందరూ నవ్వారు. మారిసెల ఒక్కతే నవ్వలేదు.

ఇరవై రెండున ఫాదర్ గారి దగ్గర మళ్లీ ఒట్టేశాను. మర్నాటి నుంచి మొదలని రాయించి, చివరి తేదీ మాత్రం ఖాళీగా వదిలెయ్యమన్నాను. కార్డూ కలమూ తెచ్చి పిల్ల ముందు పెట్టాను.

"నువ్వే రాయి తల్లీ. ఏడాది రాసినా సరే, ప్రాణం ఉన్నంతవరకు అని రాసినా సరే."

కలం తీసుకుని, చివరి తేదీ కూడా ఇరవై మూడే రాసింది.

"ఒక్క రోజేనా?"

"అది నా అసలు పుట్టినరోజు నాన్నా. అంతకన్నా అడిగితే, నువ్వెప్పుడు మళ్లీ మొదలుపెడతావా అని రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. ఇంక నావల్ల కాదు."

నేను జాడీ కోసం రోజులు లెక్కపెట్టుకుంటుంటే, అదే ఇంట్లో నా బిడ్డ అవే రోజులు భయంతో లెక్కపెట్టిందని అప్పటిదాకా నాకు తోచనే లేదు. దాని ఎదుట కూర్చోలేక లేచి బయటికి వచ్చేశాను.

ఇరవై మూడు గడిచింది. ఇరవై నాలుగు పొద్దున్న తలుపు తీస్తే గుమ్మంలో నాబోర్ పెట్టి వెళ్లిన జాడీ ఉంది. వాసనకి నోట్లో నీళ్లూరాయి, అబద్ధమెందుకు. దాన్ని దాటుకుని, ఓర్తెన్సియమ్మ ఆఫీసు తాళం తీసేసరికి అక్కడ నిలబడి ఉన్నాను.

"మళ్లీ ఒట్టా? ఎన్నాళ్లకి?"

"ఇవాళ్టికమ్మా."

"ఒక్క రోజుకి కార్డు ఎవరైనా రాస్తారటయ్యా?"

"మా అమ్మాయి రాసింది" అన్నాను, తల ఎత్తకుండా.