పిన్ని ఇవ్వలేదు

కంట్లో తడి కొలిచే కాగితం ముక్కే కదా, చిటికెనవేలి గోరంత వెడల్పు కూడా లేదు, కింది రెప్పలో తగిలించేసరికి కంట్లో గడియ పెట్టినట్టుంది, కళ్ళు మూసుకోండి మేడమ్, నేను చెప్పేదాకా తెరవకండి, అని కంటి ఆస్పత్రి ఆకుపచ్చ ఏప్రన్ అమ్మాయి బయటికి వెళ్ళిపోయింది, రబ్బరు చెప్పుల చప్పుడు, తలుపు చప్పుడు, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు, అదే భయంగా ఉంది ఆమెకి, ఎందుకంటే పక్క కుర్చీలో అక్క కూతురు ఉంది, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని, ఇప్పుడే ఆ మాట విని, విన్నాక దాని మొహం ఎలా ఉందో చూద్దామంటే కళ్ళు తెరవకూడదు, ఏప్రన్ అమ్మాయి తప్పేముంది, ఫైలు చదవడం తన ఉద్యోగం, కళ్ళు ఎండిపోతున్నాయి, నోరు ఎండిపోతోంది, లివర్ జబ్బు కూడా, ఆటో ఇమ్యూన్ అని రాశారు, అవునా మేడమ్, ఇవన్నీ చుట్టాల్లా ఒకదాని వెనక ఒకటి దిగుతాయి లెండి, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, అని అడిగింది, లేదు అనబోయేసరికి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది, ఎప్పుడూ ఇంతే, అవసరానికి ఒక అబద్ధమాడదామన్నా తడి ఉండదు, సీసా మూత తిప్పి గుక్కెడు నీళ్ళు తాగేలోపు ఆ పిల్లే అందుకుంది, మా అమ్మకి ఉండేది, అచ్చం ఇవే, అంది, అని టక్కున ఆగింది, అయితే ఒకే రక్తమన్నమాట, అని ఏప్రన్ అమ్మాయి కూరగాయల ధర చెప్పినంత మామూలుగా రాసుకుని ఈ కాగితాలు తగిలించింది.

బావే పంపాడు దీన్ని, కంట్లో మందు వేస్తే దారి మసకేస్తుందిట, పిన్నిని నీ బండి మీద తీసుకెళ్ళు, అన్నాడట, బావకి అన్నీ తెలుసు, నోరు విప్పనని పెళ్ళానికి మాటిచ్చాడు, మాట దాటలేక ఇలా పంపాడా, లేక పాపం నిజంగా దారి గురించే అన్నాడా, దారిలో బండి గుంతలో పడ్డప్పుడు ఆమె అలవాటుగా ఈ పిల్ల భుజం పట్టుకుంటే ఆ భుజం కొయ్యలా బిగుసుకుంది, చిన్నప్పుడు ఇదే భుజం, స్నానానికి రానని పరిగెడుతుంటే సబ్బు నురగలో చేప పిల్లలా జారిపోయేది, పిన్ని దగ్గరే పడుకుంటానని దిండు చంకలో పెట్టుకుని వచ్చేది, దీన్ని నువ్వే పెంచుకోవే బుడ్డీ, నాకు బేకరీ చాలు, అని అక్క పిండి చేతులతోనే నవ్వేది, అక్క నవ్వితే ముక్కు మీద కూడా పిండి ఉండేది.

ముందు అక్కకే తెలిసింది, తన పొయ్యిలో తను కాల్చిన బిస్కెట్టే గొంతు దిగక, ఇదేమిటే, ఇసక నమిలినట్టుంది, పిండి మారిందా, అనుకుంటూ నీళ్ళ మీద నీళ్ళు తాగేది, పళ్ళు ఒక్కొక్కటే పుచ్చిపోయాయి, తర్వాత దురద, గోడ మూలకి వీపు ఆనించి గేదెలా రుద్దుకుంటున్నానే అని చెప్పి పకపకా నవ్వేది, తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి, అప్పుడిక నవ్వలేదు, అదే రోజుల్లో ఇటు చెల్లెలు, ఆమె, బస్టాండులో అనౌన్సరు ఉద్యోగంలో మైకు ముందు కూర్చుని ప్రయాణికులకు గమనిక అనబోయి గమనిక దగ్గర నాలుక అంటుకుని, బస్సు కదిలాక దాని నంబరు చదువుతూ, మేనేజరు చేత, ఏమ్మా, బస్సుకి టాటా చెబుతున్నావా, అనిపించుకునేది, ఏసీ గాలనుకుంది, ఎదురుగా ఉన్న స్క్రీననుకుంది, నలభై దాటాయిగా అనుకుంది, మనిషి అనుకోవాలేగానీ కారణాలకేం కొదవ, అక్కకి లివర్ మార్చాలన్నారు, నాది తీసుకోండి, సగమిస్తే చాలట కదా, చిన్నప్పట్నుంచీ నీ పాత గౌన్లే తొడుక్కున్నాను, ఒక్కటన్నా బాకీ తీర్చుకోనీ, అని ఉత్సాహంగా పరీక్షలకి వెళ్ళింది, డాక్టరు ఆమె కాగితాలు చూసి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, ఇది మీకు దాచుకోవలసిన లివరమ్మా, ఇచ్చేది కాదు, మీ అక్కగారికున్నదే మీకూ మొదలైంది, అన్నాడు, పక్కనే ఉన్న అక్క, లివర్ మార్చకపోతే తన చావు తప్పదని విన్నప్పుడు కూడా అలా వాలిపోలేదు, వరండాలో బెంచీ మీద కూలబడి, కాసేపటికి సంచిలోంచి చుక్కల మందు తీసి తన కళ్ళలో వేసుకుని, ఆమె గడ్డం పట్టుకుని, పైకి చూడు, అని ఆమె కళ్ళలోనూ వేసి, పోన్లే, ఇక ఎవరి చావుకెళ్ళినా మనిద్దరికీ రుమాలు ఖర్చు లేదు, అంది, ఇద్దరూ నవ్వారు, అటు పోతున్న నర్సు తిరిగి చూసేటంత నవ్వు, నవ్వుతూనే అక్క ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది, నా కూతురికి చెప్పకు, నాకుంది నీకుంది అంటే రేపట్నుంచి అది గొంతు తడారినప్పుడల్లా చస్తుంది, తప్పకుండా వస్తుందనేం లేదన్నాడుగా, దాని చదువూ పెళ్ళీ కానీ, ఆ తర్వాత నీ ఇష్టం, ఒట్టెయ్యి, అంది, వేసింది.

ఇంటికెళ్ళాక పిల్ల అడిగితే అక్క గోడ వైపు తిరిగి పడుకుని అన్నది ఒక్కటే ముక్క, పిన్ని ఇవ్వలేదు, అంతే, ఇచ్చే వీల్లేక ఇవ్వలేదన్నా అదే మాట, ఇష్టంలేక ఇవ్వలేదన్నా అదే మాట, పిల్ల రెండోదే విన్నది, ఎవరూ దిద్దలేదు, ఆనాటి నుంచి ఆమె వస్తే ఆ పిల్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకునేది, వేరే లివర్ కోసం ఎదురుచూపులు, ఫోన్ మోగితే చాలు ఉలికిపాట్లు, ఒకనాటి మధ్యాహ్నం ఆ ఎదురుచూపులు కూడా అయిపోయాయి, ఆస్పత్రి వరండాలో అందరూ గొల్లుమంటుంటే ఆమె కళ్ళు పొయ్యిలో పెట్టినట్టు మండాయి, రెప్ప పడితే గుడ్డు గీసుకుపోతోంది, ఒక మూలకి వెళ్ళి చుక్కలు వేసుకుంది, అవి చెంపల మీదకి కారాయి, వెనక్కి తిరిగేసరికి పిల్ల, చేతిలోని సీసా వైపే చూస్తూ, అది అమ్మ మందు కదా పిన్నీ, ఏడవడానికి అది కూడా అమ్మ దగ్గరే తీసుకున్నావా, అంది, చెప్పెయ్యవచ్చు, నాదేనే ఈ సీసా, అంటే చాలు, పెదవులు విడివడలేదు, తడిలేక కొంత, ఒట్టు వల్ల కొంత, ఆ రోజు నుంచీ ఇవాళ్టిదాకా ఆమెకి ఉన్న కోరిక ఒక్కటే, ఎవరైనా దీనికి చెబితే బాగుండు, నేను కాదు, ఎవరైనా.

పిన్నీ, అని వినబడింది, ఎన్ని నెలలైంది ఆ పిలుపు విని, నువ్వివ్వంది ఇందుకేనా, అవునే, అమ్మకి తెలుసా, తెలుసు, నాన్నకి, తెలుసు, నాకొక్కదానికే తెలీదన్నమాట, అవును, కుర్చీ దగ్గరికి జరిగింది, హెల్మెట్ కింద పెట్టిన చప్పుడు, మెత్తటి చెయ్యి వచ్చి ఆమె చేతి మీద పడింది, ఎంత మాటన్నాను పిన్నీ నిన్ను, ఎంతేసి మాటలన్నాను, అంటూ నుదురు ఆమె భుజానికి ఆనించి వెక్కివెక్కి ఏడుస్తోంది, జాకెట్టు తడుస్తోంది, వెచ్చగా, ఎంత తడి ఈ పిల్ల కళ్ళలో, చల్లగా ఉండాలి నా తల్లి, పోనీలేవే, ఊరుకో, అంటూ ఆ తల నిమురుతుంటే ఆమె గుండె మీది బండరాయి దిగిపోవాలి, దిగినట్టే అనిపించింది కూడా, అంతలో ఏడుపు ఆగింది, తల పైకి లేచింది, గొంతులో ఏదో మింగడానికి ప్రయత్నించి మింగలేకపోయిన చప్పుడు, పిన్నీ, మరి నాకూ వస్తుందా, అంది, తప్పకుండా వస్తుందనేం లేదే, ఎల్లుండి పోయి రక్తం పరీక్ష చేయించుకుందాం, నేనుంటా నీ పక్కన, అంటోంది ఆమె, నోరు మాటలంటూనే ఉంది, పిల్ల ఆమె నీళ్ళ సీసా మూత తిప్పి తాగిన చప్పుడు, ఆగి మళ్ళీ తాగిన చప్పుడు, ఇందాక బండి మీద బిగుసుకున్న ఆ భుజంలో పగ ఉందిగానీ భయం లేదు, అక్క అడిగింది అంతే కదా, దీని బతుకులో భయం ఉండకూడదని, ఇన్నాళ్ళూ పిల్లని ఆ భయం నుంచి కాపాడుకొచ్చింది పిన్ని మీది అసహ్యమే, శిక్ష అనుకుని మోసింది తను, అది అక్క తన చేతిలో పెట్టి వెళ్ళిన కాపలా, ఇప్పుడది చేజారిపోయింది, క్షమించేసింది పిల్ల, మళ్ళీ నన్ను అసహ్యించుకోమ్మా అని దీన్ని ఎలా అడగను అక్కా.