ఎవరి ఒంటికి కాచిన సూపు

"బూడిద గుమ్మడికాయ సూపు కాచు. వాడికి మళ్ళీ నోరు పూసింది," అంది అత్తగారు, గుమ్మంలో చెప్పులు విడుస్తూ.

యూక్‌లాన్ అప్పటికే చెక్కు తీస్తోంది. భర్త హంగ్‌ది వేడి ఒళ్ళు. స్నేహితులతో కూర్చుని వేపుళ్ళు తిని, సారా తాగి వస్తాడు. తెల్లారేసరికి నోట్లో పుళ్ళు. ఆ వేడి చల్లార్చడానికి ఆమె పెసలు నానబెట్టాలి, బార్లీ ఉడికించాలి, ఆదివారమైనా సరే మట్టికుండ పొయ్యెక్కించాలి. చైనాలోని ఆ ఫోషాన్ ఊళ్ళో ఆ వీధి ఇల్లాళ్ళందరూ ఒంటిని బట్టే వండుతారు. తనూ వండుతుంది, అతని ఒంటిని బట్టి. మిగిలింది తను తాగుతుంది. ఏళ్ళ తరబడి ఆ చలవ సూపే. నడివేసవిలో కూడా అరచేతులు చల్లగా ఉంటాయి. నెలసరి వస్తే ఆఫీసులో బల్ల చాటున వేడినీళ్ళ సీసా పొట్టకి అదుముకుని పని చేస్తుంది. "మా ఆవిడ పక్కన పడుకుంటే కప్పని పక్కలో వేసుకున్నట్టే," అని హంగ్ ఓసారి స్నేహితుల ముందు అన్నాడు. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఎందుకు నవ్విందో ఇప్పటికీ అర్థం కాదు. ఆమె ఒంటి కోసం ఈ ఇంట్లో కుండ పొయ్యెక్కింది ఒక్క కూతురు పుట్టినప్పుడే. అల్లం, తీపి వెనిగర్ వేసి పందికాళ్ళు ఉడికించింది అత్తగారు. "తిను, పాలు పడాలిగా," అంది. అంటే అదీ తన కోసం కాదేమో.

మధ్యాహ్నం హంగ్‌కి మూలికలు తేవడానికి వైద్యురాలి దగ్గరికి వెళ్ళింది. పొట్లం అందుకోబోతే ఆవిడ యూక్‌లాన్ మణికట్టు పట్టుకుని వదల్లేదు. నాడి చూసింది. నాలుక చూపించమంది.

"ఇంట్లో ఏం తింటావమ్మా?"

"మా ఆయనకి కాచిందే."

"ఆయనకి నోరు పూస్తే మందు నువ్వు తాగడమేంటమ్మా?"

'మిగిలిపోతుందని' అనబోయింది యూక్‌లాన్. పొట్లం సంచిలో పెట్టుకుంది. ఇంత చిన్న ప్రశ్న తనకి ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదు? తిరిగి వచ్చేటప్పుడు వేటమాంసం కొంది. అల్లం కొంది. ఎండు రేగుపళ్ళు కొంది. అన్నీ ఒంటికి వేడి చేసేవే. ఎవరినీ అడగలేదు.

సాయంత్రం హంగ్ కుండ మూత తీసి మొహం చిట్లించాడు.

"వేటమాంసమా! నన్ను చంపుతావా ఏంటి? నా సూపేదీ?"

"ఇది నాకు. చెక్కు తీసిన గుమ్మడికాయ గట్టు మీద ఉంది, పెసలు డబ్బాలో ఉన్నాయి. కడిగి పొయ్యి మీద పెట్టుకో."

"నేనా?"

"ఒళ్ళు నీదేగా."

"చూశావా అమ్మా, దీని వరస!"

అత్తగారు కొడుకు వైపు చూడలేదు. కుండలోకి తొంగి చూసింది. తర్వాత తన గిన్నె ముందుకి జరిపింది.

"నాకూ కాస్త పొయ్యవే అమ్మాయ్. మీ మావగారున్నన్నాళ్ళూ ఆయన వేడికి కాచాను. ఇప్పుడు వీడి వేడికి నువ్వు కాస్తే తాగుతున్నాను. నా మోకాళ్ళు ఎప్పుడో గడ్డకట్టుకుపోయాయి. ఎవరడిగారు గనక?"

యూక్‌లాన్ మెత్తటి ముక్క ఏరి ఆమె గిన్నెలో వేసింది. అల్లం ఘాటుకి ఇద్దరి కళ్ళూ చెమర్చాయి. మరి ఘాటుకేనా అని ఇద్దరూ అడగలేదు.

"నీళ్ళెన్ని పొయ్యాలే?" వంటింట్లోంచి హంగ్ అరిచాడు.

"ఆగరా," అంది అత్తగారు, సూపు ఊదుకుంటూ. "మేం తాగుతున్నాం."