బొల్లోడి మెడలో గంట

నేను ఒక కంచు గంటను. కంచరి కొలిమిలో పుట్టాను. నాకు నాలుక పెట్టినాయన ఏం మాట్లాడాలో మాత్రం చెప్పలేదు. మెడ కదిలితే మోగుతాను, ఆగితే ఆగుతాను. మొదట ఒక ఎద్దు మెడలో ఉన్నాను. దాన్ని అమ్మిన రోజు నన్ను విప్పి దాచుకున్నారు. ఇంట్లో పుట్టిన ఎద్దు పోయింది, సంతలో కొన్న గంట మిగిలింది. మనుషుల లెక్క నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

తర్వాత ఆ ఇంటి కోడలు కొమురవ్వ నన్ను తన మేకల మందకు ముందు నడిచే పోతు మెడలో కట్టింది. ముఖం మీద తెల్ల మచ్చ ఉన్నందుకు దాన్ని బొల్లోడు అనేది. నా చప్పుడు ఎటు పోతే మంద అటు పోయేది.

మేత నెమలిగుట్ట మీద ఉంది. పైకి ఒకటే దారి. ఆ దారిని చదును చేసి, కింద గేటు పెట్టి, నడక దారి అని బోర్డు రాశారు. పొద్దున్నే గుట్ట కింది కాలనీవాళ్లు నడవడానికి వచ్చేవారు. ఆదివారాలు పట్నం నుంచి సైకిళ్లవాళ్లు వచ్చేవారు. సైకిళ్లు వెనకనుంచి చప్పుడు లేకుండా వచ్చేసరికి మేకలు బెదిరేవి. అట్లా బెదిరిన మేకొకటి తగిలి, నడిచేవాళ్లకు పెద్దయిన నరహరి సారు బోర్లా పడ్డాడు. మోకాలు చిట్లింది.

గేటు దగ్గర అందరూ పోగయ్యారు. వచ్చింది ఆరోగ్యం కోసమే గానీ అందరి ముఖాలూ కందిపోయి ఉన్నాయి. మళ్లీ ఎవరైనా పడితే మేకలకు గేటు మూసెయ్యమని పై అధికారులు చెప్పారని కాపలా సలీం అన్నాడు.

"మూసెయ్యి సలీమూ," అంది కొమురవ్వ. "రేపటి సంది కాలనీల పూలకుండీలు మేపుకుంట."

సైకిళ్లవాళ్లలో నిఖిత అనే పిల్ల తాము బెల్లు కొడుతూ వస్తామంది. కొట్టి చూపింది. పక్కనున్న మేకలు ఎగిరి గేటు పక్క అరుగెక్కాయి. కొమురవ్వ కాసేపు చూసి, నన్ను విప్పి ఆ సైకిలు హ్యాండిలుకు కట్టింది.

"గీ చప్పుడుకైతే బెదరయి బిడ్డా."

తర్వాతి ఆదివారం మేకలు నిజంగానే బెదరలేదు. నరహరి సారు కూడా నన్ను విని పక్కకు తప్పుకుని, బాగుందన్నాడు. నాతో ఫొటోలు దిగారు. బొల్లోడి ఖాళీ మెడ వైపు ఎవరూ చూడలేదు.

గుట్ట మీద మేకలు మేతలో పడ్డాయి. నిఖిత సైకిలు తిప్పి దిగసాగింది. నేను మోగాను. మేకలు తలలెత్తాయి. వాటికి అది ఇల్లు చేరే చప్పుడు. బొల్లోడు ముందు, మంద వెనక. కొమురవ్వ కేకలు అందలేదు. వెనక తరుముకొచ్చే మేకలను చూసి నిఖిత భయపడి వేగం పెంచింది. వేగం పెరిగినకొద్దీ నేను ఇంకా గట్టిగా మోగాను. సైకిలు గేటు దాటి, తారురోడ్డు దాటింది. బొల్లోడు దాటబోయింది. పాలవ్యాను వచ్చి గుద్దేసింది.

నరహరి సారు గేటులో చేతికర్ర అడ్డం పెట్టాడు. నడిచేవాళ్లు చేతులు పట్టుకుని వరుసగా నిలబడ్డారు. వెనక వచ్చిన సైకిళ్లవాళ్లు సైకిళ్లను రోడ్డుకు అడ్డంగా పడేశారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మిగిలిన మంద ఆగింది.

నిఖిత నన్ను విప్పి కొమురవ్వ చేతికిచ్చింది. చేతులు మారుతుంటే నేను మోగాను. ఆపుకోవడం నాకు రాదు.

కొమురవ్వ ఏడవలేదు. బొల్లోడి కాళ్లు సరిచేసి లేచింది.

"బెదరయనే సూసిన. ఎంట వస్తయని సూడలె," అంది. "గంట మేకకే ఉండనియ్యిండ్రి. ఇనబడితే మీరు దిగుండ్రి."

"దిగుతం అవ్వా," అంది నిఖిత.

నరహరి సారు సలీం వైపు తిరిగి, పైవాళ్లు అడిగితే ఇక్కడ గొడవేమీ లేదని చెప్పమన్నాడు. గేటు మూయలేదు.

ఇప్పుడు నేను ఒక నల్లపోతు మెడలో ఉన్నాను. మోగుతున్నాను. వినబడగానే సైకిళ్లు దిగుతారు. నడిచేవాళ్లు పక్కకు జరుగుతారు. మంద పోయేదాకా అట్లాగే నిలబడతారు. కొమురవ్వ ఎవరి వైపూ చూడకుండా చివర నడుస్తుంది. ఈ పోతుకు ఆమె ఇంకా పేరు పెట్టలేదు.