తెల్లని నురగ

డ్రమ్ము పిడిని నూట ఇరవయ్యోసారి తిప్పి కనక ఆగింది. ఉడికించి ఎండబెట్టిన పసుపుకొమ్ములు లోపల ఒకదానికొకటి రాసుకుని మెరుగు తేలుతున్నాయి. కన్నాల్లోంచి రాలిన పొడి ఆమె జుట్టు మీద, కనురెప్పల మీద, ముంజేతుల మీద పేరుకుంది. ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. అరకు కొండల్లోని ఆ ఊరికి కోడలై వచ్చిన నాటినుంచి మాఘం మొదలు చైత్రం దాకా ఆమె రంగు అదే.

అవతలి పిడి పట్టుకున్న భర్త సోంబరు, "ఏటి, మళ్లీ ఆ నొప్పేనా?" అన్నాడు.

"పోనాది. తిప్పు."

కుడి డొక్క కింద, అన్నం తిన్న గంటకు, రెండేళ్లుగా వస్తున్న నొప్పి అది. దీపావళి ముందు తీసిన స్కానింగులో పిత్తాశయంలో రాళ్లు కనిపించాయి. ఆపరేషన్ చేయించుకోవాలనీ, ఈలోగా కళ్లు పచ్చబడినా చలిజ్వరం వచ్చినా ఆ రోజే రమ్మనీ డాక్టరు చెప్పాడు. పసుపు పని ముగిశాక వెళ్దామని కనక అనుకుంది. వచ్చిన ప్రతిసారీ నొప్పి తగ్గిపోయేది కాబట్టి, ఆ నిర్ణయం ఆమెకు తప్పుగా తోచలేదు.

ఆశా కార్యకర్త స్వర్ణ కళ్లం పక్కన ఆగింది.

"కళ్లు పచ్చగున్నాయేటి, అత్తా?"

"పసుపు పనోళ్లం పచ్చగుండక నల్లగుంతామేటే, గుంటా?"

"పెళ్లికూతురైపోనాది మీ అత్త," అన్నాడు సోంబరు.

ముగ్గురూ నవ్వారు. పసుపు చర్మానికి అంటుతుంది గాని కంటి తెలుపుకు అంటదన్న సంగతి ఆ నవ్వులో ఎవరికీ గుర్తు రాలేదు.

మధ్యాహ్నానికి ఆఖరి కొమ్ములూ అయిపోయాయి. కనక ఊరి పక్క పారే గెడ్డలో దిగి ఒళ్లు రుద్దుకుంది. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుంది. ముంజేతుల నుంచి ఎర్రని నురగ జారింది. రవిక కప్పి ఉంచిన, పొడి చేరని భుజాన్ని రుద్దినప్పుడు నురగ తెల్లగా వచ్చింది. కింద చర్మం మాత్రం పచ్చగానే ఉంది. మళ్లీ రుద్దింది. మళ్లీ తెల్లని నురగే.

"రంగు లోపలికి దిగిపోనాది," అంది, ఒడ్డున ఉన్న సోంబరుతో. తర్వాత, "ఏటో, సలేత్తంది."

మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆమె పళ్లు కొట్టుకుంటున్నాయి. ఈసారి సోంబరు నవ్వలేదు. జీపు కోసం పరుగెత్తాడు.

రాయి పిత్తనాళంలోకి జారి ఇరుక్కుందనీ, నిలిచిపోయిన పైత్యరసంలో చీము పట్టి అది రక్తానికి పాకిందనీ పట్నం ఆసుపత్రిలో చెప్పారు. గొట్టం వేసి చీము తీసేలోపే రక్తపోటు పడిపోయింది. మర్నాడు ఉదయం కనక చనిపోయింది.

మూడో రోజు సోంబరు గెడ్డకు వెళ్లాడు. రాతి మీది కొబ్బరిచిప్పలో ఆమె సబ్బు ఎండి ఉంది. అంచు పగుళ్లలో ఎరుపు. చివరిగా భుజానికి రుద్దిన వైపు, గట్టిపడిన తెల్లని నురగ.